పాత లేబుళ్లను ఎందుకు నమ్మలేం: లోతు సముద్రపు స్క్వాట్ లాబ్‌స్టర్ల గుర్తింపు వెనుక కథ

స్క్వాట్ లాబ్‌స్టర్లు తోకను పొట్ట కిందికి మడుచుకునే, పీతలకు బంధువులైన జీవులు. లోతు సముద్రపు ట్రాల్ (అడుగున ఈడ్చే వల) సర్వేల జాబితాల్లో, వాటిలో ఒక గుంపైన మ్యునిడా గురించి "మ్యునిడా, జాతి తేలలేదు" అన్న పద్దు తరచుగా కనిపిస్తుంది. జాతి పేరు రాసి ఉన్నా, అది 1990ల ముందు పెట్టినదైతే నమూనా సీసా మూత మళ్లీ తీయక తప్పదు. లేబుల్ రాసినవారి అజాగ్రత్త ఇందుకు కారణం కాదు. ఏ లక్షణాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న అవగాహనే తర్వాత మారిపోయింది.

పెద్ద గుంపుల వరకు పెద్ద తకరారు లేదు. కళ్ల మధ్య సన్నని ముక్కు ముల్లు, దానికి చెరోవైపు ఒక ముల్లు, పెద్ద నల్లటి కళ్లు ఉంటే మ్యునిడా వర్గం. పక్క ముళ్లు లేకుండా కళ్లు చిన్నవై పాలిపోయి ఉంటే మ్యునిడాప్సిస్. తోక చివరి పలక ముందు ఖండాల కిందికి మడిచి ఉంటే కైరోస్టైలిడ్‌లు. కళ్ల దగ్గరే అందరూ ఆగిపోతారు గానీ, అసలు తంటా ఆ తర్వాతే.

బ్రిటిష్ పరిశోధన నౌక చాలెంజర్ 1872–76 యాత్రలో తెచ్చిన ఈ జీవులను వర్ణించినది జె.ఆర్. హెండర్సన్. ఆ నివేదిక 1888లో వచ్చింది. ఆయన మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ఆచార్యుడు, తర్వాత మద్రాసు మ్యూజియం అధిపతి కూడా. బంగాళాఖాతం, అండమాన్ సముద్రాల్లో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌక పట్టినవాటిని జంతుశాస్త్రజ్ఞుడు ఆల్కాక్ 1901 నాటి కేటలాగులో ఒకచోట చేర్చాడు. ఇద్దరివీ మంచి వర్ణనలే. కానీ ఒక్కో జాతికి వారి చేతిలో ఉన్నవి తరచుగా రెండు మూడు నమూనాలే. తెలిసిన జాతులూ కొద్ది కాబట్టి, వీపు డొప్ప ముళ్లు, ముక్కు ముల్లు ఆకారం చెబితే చాలిపోయేది. తర్వాత దొరికిన జాతులు ఆ వర్ణనల్లో సులువుగా ఇమిడిపోయాయి, పాత పేర్లే వాటికీ అంటుకున్నాయి. మ్యునిడాప్సిస్ విషయంలో ఉల్టాగా జరిగింది: 1880లో ఫ్రెంచ్ జంతుశాస్త్రజ్ఞుడు మిల్న్-ఎడ్వర్డ్స్ గలాథోడిస్, ఎలాస్మోనోటస్, ఒరోఫోరింకస్ అని విడిగా పెట్టిన ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) చివరికి మ్యునిడాప్సిస్‌లోనే కలిసిపోయాయి.

మలుపు 1994లో వచ్చింది. న్యూ కాలెడోనియా, దాని చుట్టుపక్కల సముద్రాల నుంచి ఒక్క మ్యునిడా ప్రజాతిలోనే 56 కొత్త జాతులను ఈ జీవుల నిపుణుడు మాక్‌ఫర్సన్ వర్ణించాడు. ఆయన ఆధారపడినవన్నీ చిన్న గుర్తులే. చిన్న మీసం మొదటి ఖండం చివర ఉండే రెండు ముళ్లలో లోపలిది పొడవా, బయటిదా? నడక కాలి చివరి ఖండం కింది అంచున సూదిముళ్లు కొసదాకా ఉన్నాయా, చివరి భాగం నున్నగా ఉందా? రొమ్ము పలకలు నున్ననివా, గీతలు పడినవా? ఉదరం రెండో ఖండం ముందు గట్టున ముళ్ల వరుస ఉందా? ఇవన్నీ వ్యక్తిగత తేడాలు కావచ్చు కదా అన్న సందేహం న్యాయమైనదే. 2004లో మాకోర్డోమ్, మాక్‌ఫర్సన్ మైటోకాండ్రియా జన్యువులతో సరిపోల్చినప్పుడు ఆ చిన్న గుర్తుల తేడాలు జన్యువుల్లోనూ కనిపించాయి. బయటికి తేడా తెలియని జాతులూ కొన్ని తేలాయి. హెండర్సన్ పేరు పెట్టిన అగొనొనిడా ఇన్సెర్టా అనే జాతిని 2012లో పూర్, ఆండ్రియాకిస్ పలు జాతులుగా విడదీశారు.

అలాగని ప్రతి తేడా జాతి భేదం కాదు. దక్షిణ అమెరికా కొసన దొరికే, అప్పట్లో మ్యునిడాలో ఉన్న గ్రెగారియా, సబ్రుగోసా రూపాలను చాలాకాలం రెండు జాతులన్నారు. 2008లో డీఎన్ఏ పోలిస్తే వాటిని విడదీసే తేడా కనిపించలేదు. ఒకే లక్షణంపై ఆధారపడి పేరు పెట్టకూడదనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తట్టదు.

ఇక బల్ల మీది పని. నమూనాను వెల్లకిలా వేసి రొమ్ము పలకలు, మూడో మాక్సిలిపెడ్ (నోటి దగ్గరి కాలు), మీసాల మొదళ్లు ముందు చూడాలి. వీపు వైపు తర్వాత. మగదైతే ఉదరం మొదటి రెండు ఖండాల కింద గోనోపాడ్‌లు (సంపర్కానికి వాడే చిన్న కాళ్లు) ఎన్ని జతలో లెక్కించాలి, ప్రజాతి నిర్ణయానికి అవి అవసరం. మ్యునిడాప్సిస్‌లో ఏయే కాళ్ల మొదట్లో ఎపిపాడ్‌లు (చిన్న అదనపు తొడుగులాంటి భాగాలు) ఉన్నాయో చూడాలి. ముక్కు ముల్లు తరచుగా విరిగి ఉంటుంది కాబట్టి, డొప్ప పొడవును కంటి గుంట వెనుక అంచు నుంచి డొప్ప వెనుక అంచు మధ్య వరకు కొలవాలి. వలలోనే కాళ్లు రాలిపోతాయి. అందుకే ఒక్కోదాన్ని విడి సంచిలో పెట్టకపోతే ఒకదాని కాలు ఇంకోదాని లెక్కలో పడుతుంది. డొప్ప ఒక పక్క ఉబ్బి ఉంటే అది జాతి లక్షణం కాదు, మొప్పల గదిలో బోపిరిడ్ పరాన్నజీవి ఉన్న గుర్తు. పిల్లల్లో ముళ్ల నిష్పత్తులు పెద్దవాటికి సరిపోవు.

రంగు మంచి ఆధారమే, ముఖ్యంగా కాళ్ల మీది పట్టీలు, ఉదరం మీది మచ్చలు. అయితే ఆల్కహాల్లో అవి వెలిసిపోతాయి, కాబట్టి వల పైకి రాగానే ఫొటో తీయాలి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది, కనుక దానిలో వేసే ముందే కాలి కండ ముక్కను 95 శాతం ఇథనాల్‌లో దాచాలి.

2022లో మ్యునిడా ప్రజాతినే విడగొట్టి కొత్త ప్రజాతులు ఏర్పరిచారు. పాత గ్రిమోథియా ప్రజాతి పేరునూ తిరిగి నిలబెట్టారు. గ్రెగారియా ఇప్పుడు అందులోనే ఉంది. సముద్రగర్భ కెమెరా చిత్రాల్లో రొమ్ము పలకలు కనిపించవు కాబట్టి, చిత్రం ఒక్కటే ఉంటే ప్రజాతి దగ్గర ఆపడం మంచిది.