క్రాఫ్టు పీరియడ్: అపోహలు - వాస్తవాలు

ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు నేను కుట్టుపని నేర్పుతాను. దానితోపాటు విద్యుత్ పరికరాల చిన్నచిన్న మరమ్మతులు, పెరటి తోట పని కూడా నా పీరియడ్లలోనే జరుగుతాయి. టైంటేబుల్లో దీనికి పని విద్య అని, వృత్తి విద్య అని, ఒకప్పుడు ఎస్‌యూపీడబ్ల్యూ అని రకరకాల పేర్లు పెట్టినా, పిల్లలూ తోటి ఉపాధ్యాయులూ పిలిచేది మాత్రం క్రాఫ్టు పీరియడ్ అనే. తల్లిదండ్రుల సమావేశాల్లోనూ స్టాఫ్ రూములోనూ ఈ పీరియడ్ గురించి తరచుగా వినిపించే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: చేతిపని చదువులో వెనకబడిన పిల్లల కోసం, బాగా చదివే పిల్లలకు అది కాలం వృథా.

ఒక ఉదాహరణ చెబుతాను. ఎనిమిదో తరగతిలో అంబ్రెల్లా స్కర్టు కత్తిరించడం నేర్పేటప్పుడు గుడ్డను నాలుగు మడతలుగా వేసి, మడతలు కలిసే మూల నుంచి టేపు పట్టుకుని నడుము కోసం ఒక చాపం గీయాలి; మడత విప్పితే అది పూర్తి వృత్తమవుతుంది. గణితంలో ఎప్పుడూ ముందుండే ఒక అమ్మాయి 24 అంగుళాల నడుముకు పరిధి సూత్రం వేసి, వ్యాసార్ధం 3.8 అంగుళాలని లెక్కగట్టి, సుద్దతో చక్కగా గీసి కత్తిరించింది. లెక్కలో తప్పేమీ లేదు. అయితే నడుము పట్టీ కుట్టడానికి చుట్టూ అర అంగుళం గుడ్డ లోపలికి పోయేసరికి కుట్టు దగ్గర కొలత 27 అంగుళాలు దాటి, స్కర్టు నడుము మీద నిలవలేదు. “అర అంగుళమే కదా పోయింది టీచర్, మూడు అంగుళాలు ఎలా పెరిగింది?” అని ఆ అమ్మాయి టేపు పట్టుకుని రెండుసార్లు కొలిచింది.

పక్కనే కూర్చున్న అబ్బాయి తండ్రిది దర్జీ దుకాణం. యూనిట్ పరీక్షల్లో వాడికి గణితంలో పాస్ మార్కులు రావడమే కష్టం. “నడుములో ఆరో వంతు తీసుకుని, దానికంటే ఇంకాస్త లోపలికే గీయాలి, చాలకపోతే మళ్ళీ కోసుకోవచ్చు గానీ కోసేసిన గుడ్డ వెనక్కి రాదు” అని వాడు చెప్పాడు. వాడికి తెలిసింది దుకాణంలో విన్న పద్ధతి, ఆ అమ్మాయికి తెలిసింది సూత్రం. వ్యాసార్ధం అర అంగుళం పెరిగితే పరిధి 3.14 అంగుళాలు పెరుగుతుందని ఇద్దరూ కలిసి తేల్చుకున్నాక, రెండో గుడ్డ మీద 3.3 అంగుళాల దగ్గర గీత పడింది. ఆ నలభై ఐదు నిమిషాలు ఇద్దరిలో ఎవరికి వృథా అయ్యాయో నన్ను ప్రశ్నించేవారు చెప్పాలి.

అపోహ: ఇది ఉపాధి శిక్షణ, పిల్లలను ఇప్పటి నుంచే దర్జీలుగా, ఎలక్ట్రీషియన్లుగా తయారుచేస్తారు.

ఈ భయానికి చరిత్రలో కొంత కారణం ఉంది. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ముందుంచిన ప్రాథమిక విద్యా ప్రణాళికలో, దానిపై జాకిర్ హుస్సేన్ కమిటీ ఇచ్చిన నివేదికలో, ఒక చేతివృత్తి చుట్టూ మొత్తం చదువును అల్లాలన్న ఆలోచనతోపాటు, పిల్లలు తయారుచేసిన వస్తువుల ఆదాయం బడి నిర్వహణకు తోడ్పడాలన్న ఆశ కూడా ఉండేది. బడి కార్ఖానాగా మారుతుందన్న విమర్శ ఆ రోజుల్లోనే వచ్చింది. ఆ తరువాత 1964-66 నాటి కొఠారీ విద్యా కమిషన్ దీన్ని ‘పని అనుభవం’ అన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అన్న పేరు పెట్టింది. మనం చదువుకునే రోజుల్లో దాన్నే ఎస్‌యూపీడబ్ల్యూ అనేవారు.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రతిపాదించింది మాత్రం పరిచయమే: పుస్తకాల సంచి లేకుండా పది రోజుల పాటు స్థానిక వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర, తోటమాలుల దగ్గర పని చూసి, చేసి రావడం. ఉద్యోగ నైపుణ్యాల కోర్సులు సాధారణంగా తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతాయి. వారానికి రెండు పీరియడ్లతో దర్జీని తయారుచేయగల ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే నేను వారి దగ్గర శిష్యరికం చేస్తాను. చేత్తో కాజా శుభ్రంగా కుట్టడం రావడానికే నెలలు పడుతుంది.

ఇక్కడ బడుల తప్పును కూడా దాచకూడదు. నేను గతంలో పనిచేసిన ఒక బడిలో వార్షికోత్సవం వేదికకు రెండు వందల గుడ్డ జెండాలు పిల్లల చేతే కుట్టించమని అడిగారు. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తే ఐదో జెండా దగ్గరే నేర్చుకోవడం ఆగిపోయి, ఆరో దాని నుంచి జీతం లేని కూలి మొదలవుతుంది. పిల్లకు ఐదు చొప్పున కుట్టించి, మిగిలినవి బజారులో కొనమని చెప్పాను. నాకు మంచి పేరైతే రాలేదు.

అపోహ: కుట్లు ఆడపిల్లలకు, కరెంటు పని మగపిల్లలకు.

మన ఊళ్ళలో పేరున్న లేడీస్ టైలర్లలో ఎక్కువమంది మగవారే అన్న సంగతి ఈ మాట అనేవారికి గుర్తుండదు. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను ఎందుకు పొడవుగా ఉంటుందో నా తరగతిలో ముందుగా ఊహించి చెప్పింది ఒక ఆడపిల్ల: అది షాక్ కొట్టకుండా కాపాడే ఎర్తు పిన్ను కాబట్టి అన్నిటికంటే ముందు తగలాలి, అన్నిటికంటే చివర ఊడాలి.

అపోహ: సూదులు, కత్తెరలు, కరెంటు - ఈ వయసులో ప్రమాదం.

ప్రమాదం లేదని నేను అనను. అది పెద్దలు అనుకునే చోట ఉండదు. చేతి సూది గుచ్చుకుంటే పిల్లలు వేలు చప్పరించి పని కొనసాగిస్తారు. అసలు జాగ్రత్త కావలసింది కుట్టుమిషన్ దగ్గర ఇద్దరు పిల్లలు ఉన్నప్పుడు. ఒకరు గుడ్డ సర్దుతుండగా మరొకరు సరదాగా పెడల్ తొక్కితే సూది వేలిలో దిగుతుంది. అందువల్ల నా గదిలో ఒకటే కఠిన నియమం ఉంది: చేయి ఎవరిదో కాలూ వారిదే. విద్యుత్ పాఠాల్లో బల్బు వెలిగించడానికి ఒకటిన్నర వోల్టుల సెల్సే వాడతాము. ప్లగ్గు బిగించడం నేర్పే తీగ రెండో కొస ఎక్కడా కలిపి ఉండదు; బిగించిన ప్లగ్గును గోడ సాకెట్లో పెట్టడం పాఠంలో భాగం కాదు.

అపోహ: ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తే చాలు, పిల్లలు తమకు తగినదే ఎంచుకుంటారు.

ఆరో తరగతిలో చేరిన తొలి వారంలో ఎంచుకోమంటే పిల్లలు స్నేహితులు వెళ్ళే చోటికి వెళతారు, లేదా కోప్పడని టీచరు దగ్గరికి వెళతారు. రుచి చూడనిదే ఇష్టం ఎలా తెలుస్తుంది? 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ప్రాణులతో చేసే పని, యంత్రాలతోనూ పదార్థాలతోనూ చేసే పని, మనుషులకు సేవ చేసే పని అని మూడు రకాలు చెప్పి, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఏటా ఒక్కో రకం నుంచి ఒక్కో ప్రాజెక్టు పిల్లలందరూ చేయాలంటుంది. నా అనుభవం దీనితో సరిపోతుంది. అయితే ఎనిమిదికి వచ్చేసరికి ఒక్కో రకం లోపల ఏం చేయాలో పిల్లలకే వదిలేయాలని నా అభిప్రాయం. కూరగాయల మడి మీద విసుగు చెందిన వారు నర్సరీ మొక్కలు పెంచవచ్చు.

అపోహ: పరికరాలకు చాలా ఖర్చవుతుంది.

నలభై మందికి మూడు మిషన్లున్నా పాఠం నడుస్తుంది, ఎందుకంటే మొదటి ఏడాదిలో ముప్పాతిక భాగం చేతి కుట్టే. పాత లుంగీలు, దుప్పట్లు, కాలం చెల్లిన యూనిఫాం ప్యాంట్లు గుడ్డకు సరిపోతాయి. పదును పోయిన చవక కత్తెరలు మాత్రం కొనవద్దు. గుడ్డ సరిగా తెగకపోతే పిల్లలు తమ చేతులే మంచివి కావనుకుంటారు.

అపోహ: తయారైన వస్తువు బాగుంటే మార్కులు వేయాలి, లేకపోతే లేదు.

ఇలా మార్కులు వేసినన్నాళ్ళూ నాకు తల్లుల కుట్లే వచ్చాయి. పదకొండేళ్ళ పిల్లవాడి సంచికి అంత సమానమైన హెమ్మింగ్ ఉంటే ఆరా తీయనక్కరలేదు. ఇప్పుడు పని అంతా తరగతి గదిలోనే జరుగుతుంది. జూన్‌లో కుట్టిన మొదటి వంకర వరుసను నోటుపుస్తకంలో అతికించుకుని, డిసెంబరులో దాని పక్కనే ఇంకో వరుస అతికిస్తారు. ఏం తప్పు జరిగింది, ఎలా సరిచేశారు అన్నది కింద రాస్తారు. ఈ ఏడాది ఒక ఏడో తరగతి పిల్ల ఇలా రాసింది: “దారం నాలుగుసార్లు తెగింది. మిషన్ పాడైందనుకున్నాను. కింది దారం చుట్టే బాబిన్ తిరగేసి పెట్టానని ఐదోసారి చూసుకున్నాను.” ఆ మూడు వాక్యాలకు ఐదుకు ఐదు, సంచికి మూడు వేశాను, దాని పిడి ఒకటి పొడవు, ఒకటి పొట్టి.