శనివారం కొనకూడని పిచికారీ

గుణుపూర్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: “నాన్నగారి పాత యెజ్డీ మోటార్‌సైకిల్ ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఘాటీ దిగేసరికి వెనక కూర్చున్నవాళ్లు నొప్పితో నడుం పట్టుకుంటున్నారు. స్ప్రింగులకు తుప్పు కూడా లేదు. అయినా షాకబ్జర్లు మార్చాలా? పైగా శనివారం ఇనుము, నూనె ఇంటికి తేవద్దని అమ్మ గొడవ.”

అమ్మగారికి తెలియకుండానే షాకబ్జర్ అంటే ఏమిటో చెప్పేశారు. బయట ఇనుము, లోపల నూనె. మనం ఇనుమును చూసి బాగుందనుకుంటాం. జబ్బు నూనెలో ఉంటుంది.

స్ప్రింగు దెబ్బను మింగదు, దాచుకుంటుంది. గుంతలో పడ్డప్పుడు ఎంత శక్తి తీసుకుందో దాదాపు అంతా తిరిగి మీ సీటుకే ఇచ్చేస్తుంది. వట్టి స్ప్రింగుల మీద బండి నడిపితే ఒక్క గుంత పది గుంతలవుతుంది. ఆ శక్తిని మింగే పని స్ప్రింగు మధ్యలో ఉన్న గొట్టానిది.

ఆ గొట్టం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే డోల పూర్ణిమకు పర్లాకిమిడి పిల్లలు కొనే ప్లాస్టిక్ పిచికారీ చాలు. నీళ్లు నింపి మెల్లగా నొక్కండి. చిటికెన వేలితో పని అయిపోతుంది. అదే ఒక్కసారిగా తొయ్యండి, అరచెయ్యి నొప్పెడుతుంది. రెట్టింపు వేగంతో తోస్తే సన్నటి రంధ్రంలోంచి నీరూ రెట్టింపు వేగంతో పోవాలి. దాని గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి బలం నాలుగింతలు కావాలి. అంటే పిచికారీ మెల్లగా వచ్చేవాణ్ణి పోనిచ్చి, దూకుడుగా వచ్చేవాణ్ణి ఆపుతుంది. వెనక చక్రానికి కావలసిందీ అదే.

ఇప్పుడు రంధ్రాన్ని మూతి దగ్గర తీసేసి లోపలి పిస్టన్‌కే పెట్టండి. నీళ్ల బదులు నూనె పోసి రెండు వైపులా మూసెయ్యండి. పిస్టన్ కదిలితే నూనె ఒక పక్క నుంచి రెండో పక్కకు దూరి వెళ్లాలి. పిస్టన్ మీద పల్చటి వాషర్ ఒకటి పెడితే అది ఒక దిక్కున లేచి దారి వెడల్పు చేస్తుంది, రెండో దిక్కున మూసుకుంటుంది. అందుకే షాకబ్జర్ నొక్కితే కాస్త సులువుగా దిగుతుంది, లాగితే మొండికేస్తుంది. కిందికి దిగేటప్పుడు స్ప్రింగు కూడా అడ్డుపడుతుంది కాబట్టి నూనె మీద భారం తక్కువ. పైకి లేచేటప్పుడు అదే స్ప్రింగు తన్నుతుంది, అప్పుడు పట్టుకోవాల్సింది నూనె ఒక్కటే.

పిచికారీ సగం గాలితో ఉంటే? చెయ్యి సర్రున లోపలికి పోతుంది, ధార రాదు. మీ యెజ్డీ సంగతి ఇదే అనుకుంటాను. పిస్టన్ కడ్డీ లోపలికి వచ్చినప్పుడు దానికి చోటు కావాలి కాబట్టి మామూలు షాకబ్జర్లో కొంత గాలి ఉంచుతారు. సీలు అరిగి నూనె కారితే గాలి వాటా పెరుగుతుంది. గతుకుల్లో రెండూ కలిసి నురగవుతాయి. నురగ రంధ్రాన్ని లెక్కచేయదు.

వేడి ఇంకో గొడవ. ఇద్దరితో బండి వెనక చక్రం మీద 180 కిలోలు పడి, 5 సెంటీమీటర్లు దిగితే సుమారు 88 జౌళ్ల శక్తి. ఒక్కో షాకబ్జర్‌కు 44. లోపల 100 గ్రాముల నూనె ఉందనుకుని, శక్తంతా దానికే పోయిందనుకుంటే ఒక్కో గుంతకు 0.22 డిగ్రీలు పెరుగుతుంది. వంద గుంతలకు 22. నిజానికి కొంత టైరు, గొట్టం, గాలి పంచుకుంటాయి. అయినా ఆర్.ఉదయగిరి ఘాటీ దిగాక షాకబ్జర్ పక్కన చెయ్యి పెట్టి చూడండి. వేడెక్కిన నూనె పలచబడి పట్టు ఇంకా తగ్గుతుంది.

గ్యాసు షాకబ్జర్లలో నైట్రోజన్ “చల్లగా ఉంచుతుంది” అని చెప్పేవాళ్లు మా బడిలోనే ఉన్నారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్, మరి మనకెందుకు చలి వెయ్యదు? అది పొడి వాయువు, నూనెను పాడుచెయ్యదు. అసలు పని చేసేది దాని ఒత్తిడి. ఒత్తిడిలో ఉన్న నూనెలో బుడగలు సులువుగా పుట్టవు.

పరీక్ష తేలిక. సీటును గట్టిగా నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో చూడండి. స్ప్రింగు దాని విడి పొడవు నుంచి మొత్తం 6 సెంటీమీటర్లు కుంగి ఉంటే ఊపులు సెకనుకు సుమారు రెండు. దీనికి బండి బరువు కూడా అక్కర్లేదు, కుంగుబాటు ఒక్కటే చాలు. డ్యాంపింగ్ నిష్పత్తి, అంటే ఊపును ఎంత గట్టిగా అణుస్తుందో చెప్పే సంఖ్య, 0.3 ఉంటే ఒక ఊపుకీ తర్వాతి ఊపుకీ ఎత్తు ఏడో వంతుకు పడిపోతుంది, కంటికి ఆగినట్టే. 0.1కి దిగితే సగమే తగ్గుతుంది. మూడు నాలుగు ఊపులు లెక్కపెట్టగలిగారంటే షాకబ్జర్ల పని అయిపోయినట్టే.

కొనేటప్పుడు పై కన్ను (బోల్టు దూరే రంధ్రం) నుంచి కింది కన్నుకు పొడవు కొలిచి తీసుకెళ్లండి. నేను ఒకసారి కంటిచూపుతో కొన్నాను. రెండు సెంటీమీటర్లు ఎక్కువొచ్చాయి. వెనక భాగం లేచింది, సెంటర్ స్టాండ్ వేసినా చక్రం నేల వదల్లేదు, హ్యాండిల్ చిలిపిగా తిరిగేది. “మాస్టారూ, జీడిపప్పు కొన్నట్టు కొనేశారేంటండీ” అని మిస్త్రీ నవ్వాడు. అంగడివాడు వెనక్కి తీసుకోలేదు.

విప్పడం పెద్ద పని కాదు. సెంటర్ స్టాండ్ వేసి, చక్రం కింద చెక్క పెట్టి, ఒక పక్కది మార్చాకే రెండోది విప్పండి. రెండూ ఒకేసారి తీస్తే చక్రం కిందికి జారుతుంది. మార్చడం మాత్రం జతగానే. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి స్టాండు దిగి తన బరువు మీద నిలిచాకే చివరి బిగింపు బిగించండి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. ఆ తర్వాత చైను వదులు చూడండి.

శనివారం సంగతి అమ్మగారితో వాదించకండి, శుక్రవారమే కొనేయండి. పాతవి పారెయ్యొద్దు, స్ప్రింగు మాత్రం ఇంట్లో విప్పొద్దు, ఎగిరి మొహాన కొడుతుంది. మిస్త్రీ చేత విప్పించి గొట్టాలు రెండూ నాకు పంపండి. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒకదాన్ని మెల్లగా, ఒకదాన్ని జోరుగా నొక్కించాలని ఉంది. ఒకదానిలోనైనా ఇంకా నూనె మిగిలి ఉంటే బాగుండు.