గాలి, పీడనం, బూడిద: విమానానికి ముందే అందాల్సిన కబురు

విమానంలో ఎంత ఇంధనం నింపాలో దూరాన్ని బట్టే తేల్చేయలేం. గమ్యానికి చేరే వేళకు అక్కడ ఆకాశం ఎలా ఉంటుందన్నది కూడా లెక్కలోకి రావాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) నిబంధనల ప్రకారం జెట్ విమానం ప్రయాణానికి సరిపడా ఇంధనంతో పాటు, ఊహించని ఖర్చు కోసం సాధారణంగా దానిలో 5 శాతం అదనంగా తీసుకెళ్తుంది. గమ్యంలో దిగలేకపోతే ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి వెళ్లడానికి పట్టేది వేరే. వీటన్నిటి తర్వాత, 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు తిరగడానికి సరిపడా చివరి నిల్వ ఉండాలి. ఇదంతా కనీస లెక్క. దీనిపైన ఇంకెంత పోయాలన్నది వాతావరణ సూచన చదివిన డిస్పాచర్ (నేల మీద ప్రయాణ ప్రణాళిక వేసే అధికారి), కెప్టెన్ కలిసి నిర్ణయిస్తారు. ఎందుకైనా మంచిదని ట్యాంకులు నింపేయడం కుదరదు. అదనంగా మోసే ఇంధనంలో గంటకు రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా ఆ బరువును మోయడానికే కాలిపోతుంది. అలాగని తక్కువ పోసుకుని బయల్దేరితే గాల్లో కలుపుకునే దారి లేదు.

అందుకే విమానయానంలో వాతావరణ సూచన విలువ అది ఎంత కచ్చితంగా ఉందన్న దానితో పాటు ఎప్పుడు చేరిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. తలుపులు మూయక ముందు తెలిస్తే ఇంధనం పెంచవచ్చు, దారి మార్చవచ్చు, బయల్దేరడం వాయిదా వేయవచ్చు. గమ్యానికి పది నిమిషాల దూరంలో తెలిస్తే మిగిలేవి ఒకటి రెండు మార్గాలే.

విమానాశ్రయ సూచనను ట్యాఫ్ అంటారు. అది విమానాశ్రయం చుట్టూ సుమారు 8 కిలోమీటర్ల పరిధికి సంబంధించినది. సాధారణంగా 9 గంటల నుంచి 30 గంటల వరకు చెల్లుతుంది. అందులో గాలి, దృశ్యమానత, మేఘాల ఎత్తు ఉంటాయి. వాటి కంటే జాగ్రత్తగా చదవాల్సినవి మార్పును తెలిపే మాటలు. ‘టెంపో’ అంటే తాత్కాలికం: ఒక్కోసారి గంటలోపు ఉంటుంది, అన్నీ కలిపినా ఆ వ్యవధిలో సగానికి మించదు. ‘బీకమింగ్’ అంటే పరిస్థితి మారి అలాగే నిలిచిపోతుంది. ‘ప్రాబ్’ పక్కన 30 లేదా 40 మాత్రమే వస్తుంది. 30 శాతం లోపు అవకాశాన్ని ట్యాఫ్‌లో రాయరు. 50 శాతానికి చేరితే దాన్ని అవకాశంగా చెప్పకుండా జరగబోయే మార్పుగానే రాస్తారు.

ఈ తేడా నేరుగా ఇంధనంలోకి దిగుతుంది. చేరే వేళకు టెంపో కింద ఉరుములతో వాన ఉందనుకుందాం. అది దాటిపోయేదే కాబట్టి అరగంటో, ముప్పావుగంటో గాల్లో తిరుగుతూ ఆగగలిగితే దిగే వీలు దొరకవచ్చు. అప్పుడు అదనపు ఇంధనం పోయడం సరైన పని. అదే వేళకు బీకమింగ్ కింద పొగమంచు ఉంటే ఎంతసేపు తిరిగినా అది విడవదు. అక్కడ కావాల్సింది పొగమంచు పట్టని ప్రత్యామ్నాయ విమానాశ్రయం. దగ్గరగా ఉంది కదా అని అదే లోయలోనో, అదే తీరంలోనో ఉన్న విమానాశ్రయాన్ని ఎంచుకుంటే రెండూ ఒకేసారి మూతపడవచ్చు. ప్రణాళికల్లో తరచుగా దొర్లే బలహీనత ఇదే.

ట్యాఫ్ జరగబోయేది చెబితే మేటార్ జరుగుతున్నది చెబుతుంది. అది గంటకో, అరగంటకో వస్తుంది. ఈలోగా పరిస్థితి గణనీయంగా మారితే ‘స్పెసి’ అనే ప్రత్యేక నివేదిక వెలువడుతుంది. ఇలాంటి ఒక వరుస తీసుకుందాం: ‘24012జీ25కేటీ 3000 టీఎస్‌ఆర్‌ఏ బీకేఎన్012 ఎఫ్‌ఈడబ్ల్యూ025సీబీ 27/25 క్యూ1004’. గాలి 240 డిగ్రీల దిక్కు నుంచి 12 నాట్ల (గంటకు సుమారు 22 కిలోమీటర్ల) వేగంతో వీస్తోంది, ఉండి ఉండి 25 నాట్లకు ఎగబాకుతోంది. దృశ్యమానత 3,000 మీటర్లు. ఉరుములతో వాన. 1,200 అడుగుల ఎత్తున ఆకాశంలో ఎనిమిది భాగాలకు ఐదు నుంచి ఏడు భాగాలు మేఘం. 2,500 అడుగుల దగ్గర కొద్దిగా క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘం. ఉష్ణోగ్రత 27, తుషార బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) 25 డిగ్రీలు. ఈ రెండిటి తేడా తగ్గుతున్న కొద్దీ గాలి తేమతో నిండిపోతుంది. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి పడిపోతే పొగమంచుకు అది తొలి సూచన. ఇందులోని గాలి వేగం పది నిమిషాల సగటు, దిక్కు నిజ ఉత్తరం నుంచి లెక్కించింది. దిగే ముందు టవర్ చెప్పేది రెండు నిమిషాల సగటు, అయస్కాంత ఉత్తరం నుంచి లెక్కించిన దిక్కు. రెండూ కలవకపోతే ఒకటి తప్పని కంగారు పడక్కర్లేదు.

చివర్లో ఉన్న 1004 చూడటానికి చిన్న అంకె. విమానం ఎత్తును చూపే ఆల్టిమీటర్ నిజానికి గాలి పీడనాన్ని కొలుస్తుంది. సముద్ర మట్టానికి దించి లెక్కగట్టిన స్థానిక పీడనాన్ని హెక్టోపాస్కల్స్‌లో అందులో అమర్చాలి. నేలకు దగ్గరలో ఒక్క హెక్టోపాస్కల్ తేడాకు సుమారు 27 అడుగుల తేడా వస్తుంది. ఈ విలువను రాసేటప్పుడు దశాంశాన్ని ఎప్పుడూ కిందికే సవరిస్తారు, 1004.9 అయినా 1004 అనే రాస్తారు. ఆ పొరపాటు విమానాన్ని కాస్త పైనే ఉంచుతుంది కాబట్టి ప్రమాదం లేదు. తప్పు రెండో వైపుకు జరిగితే ఏమవుతుందో 2022 మే 23న పారిస్‌లోని షార్ల్ డి గాల్ విమానాశ్రయంలో కనిపించింది. అసలు పీడనం 1001 ఉండగా దిగుతున్న ఒక ఎయిర్‌బస్ ఎ320కి 1011 అని అందింది. ఎక్కడ ఎంత ఎత్తులో ఉంటూ దిగాలో తేల్చుకోవడానికి ఆ విమానం వాయుపీడనం మీదే ఆధారపడుతోంది. వానలో, మేఘంలో రన్‌వే కనిపించలేదు. సిబ్బందికి తెరల మీద అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుండగా విమానం ఉండాల్సిన దారికి సుమారు 280 అడుగుల కింద ఎగిరింది. మళ్లీ పైకి లేచేముందు రన్‌వేకు దాదాపు కిలోమీటరున్నర ఇవతల, నేలకు ఆరు అడుగుల ఎత్తుకు దిగింది. ఎవరికీ గాయం కాలేదు. ఒక అంకెను సిబ్బంది మరో ఆధారంతో పోల్చి చూసుకోవడం ఎందుకు తప్పనిసరో చెప్పడానికి దీని కంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

దారి మధ్యలో ఉండే ముప్పుల కోసం ‘సిగ్మెట్’ ఉంది. తీవ్రమైన కుదుపులు, తీవ్రమైన మంచు పేరుకోవడం, ఉరుముల మేఘాలు, ఉష్ణమండల తుపాను, అగ్నిపర్వత బూడిద, భారీ ధూళి తుపాను వంటివి ఇందులోకి వస్తాయి. ఏ గగనతల ప్రాంతం, ఏ ముప్పు, కనిపించిందా లేక అంచనానా, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ ఎత్తుల మధ్య, ఎటు ఎంత వేగంతో కదులుతోంది, బలపడుతోందా తగ్గుతోందా అన్నవి ఒకే వరుసలో ఉంటాయి. మామూలుగా అది నాలుగు గంటలకు మించి చెల్లదు. తుపానుకు, బూడిదకు ఆరు గంటలు. సమయాలన్నీ సమన్వయ విశ్వ సమయం (ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ)లోనే ఉంటాయి. స్థానిక సమయంతో తికమక పడితే ముగిసిపోయిన హెచ్చరికను పట్టుకుని దారి మళ్లడమో, ఇంకా అమల్లో ఉన్నదాన్ని వదిలేయడమో జరుగుతుంది.

విమానం ముక్కులో రాడార్ ఉండగా ఈ కబుర్లు ఎందుకన్న ప్రశ్న సహజం. ఆ రాడార్‌కు నీటి చుక్కలు బాగా కనిపిస్తాయి. ఎత్తులో ఉండే పొడి మంచు స్ఫటికాలు సరిగా కనిపించవు, బూడిద అసలే కనిపించదు. పైగా కుండపోత వాన రాడార్ తరంగాలను మింగేస్తుంది కాబట్టి దాని వెనక ఉన్న ఇంకో బలమైన మేఘం తెర మీద ఖాళీ చోటులా కనిపిస్తుంది. 1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియాలో సదరన్ ఎయిర్‌వేస్ 242వ విమానం అలాంటి తుపాను మేఘంలోకి వెళ్లింది. వాన, వడగళ్లు మింగి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. తాజా తుపాను సమాచారం సిబ్బందికి అందలేదనీ, మేఘాల మధ్య దారి వెతకడానికి వాళ్లు సొంత రాడార్ మీదే ఆధారపడ్డారనీ దర్యాప్తులో తేలింది. రాడార్ మేఘాన్ని తప్పించుకోవడానికి ఉన్న పరికరం. తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్ల దూరంలో ఉండాలన్నది అందుకే.

రన్‌వే దగ్గర ఆ దూరం పాటించడం కష్టం. అక్కడి ముప్పు మైక్రోబరస్ట్. ఉరుముల మేఘం నుంచి చల్లబడి బరువెక్కిన గాలి కిందికి కూలుతుంది. నేల మీద కుమ్మరించిన బిందెడు నీళ్లలా అన్ని వైపులకూ పరుచుకుంటుంది. దాని అడ్డుకొలత నాలుగు కిలోమీటర్ల లోపే, ఉధృతి కొద్ది నిమిషాలే. 140 నాట్ల వాయువేగంతో దిగుతున్న విమానం అందులోకి వెళ్తే మొదట 20 నాట్ల ఎదురుగాలి తగిలి, రెక్కలకు ఎత్తే బలం పెరుగుతుంది. అది తెలియని పైలట్ శక్తి తగ్గిస్తారు. కొన్ని క్షణాల్లో కిందికి తోసే గాలి, ఆ వెంటనే 20 నాట్ల వెనకగాలి వస్తాయి. వాయువేగంలో 40 నాట్లు ఊడిపోతాయి. ఇంజన్లు అప్పటికే నెమ్మదించి ఉంటాయి, కింద ఎత్తు ఉండదు.

1975 జూన్ 24న న్యూయార్క్‌లో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 66వ విమానం ఇలాగే కూలి 113 మంది చనిపోయారు. ఆ ప్రమాదంలో నన్ను ఎక్కువ కలచివేసే విషయం, హెచ్చరిక ముందే ఉండటం. అంతకు కొద్ది నిమిషాల ముందు దిగిన ఒక సరుకు విమానం సిబ్బంది విపరీతమైన గాలి మార్పు ఉందని, రన్‌వే మార్చమని చెప్పారు. నేల మీది గాలిమాపకం ఆ రన్‌వేకే అనుకూలంగా చూపుతుండటంతో రాకపోకలు అలాగే సాగాయి. ఆ ప్రమాద సమాచారం నుంచే వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా ఈ కూలే గాలుల సిద్ధాంతాన్ని రూపొందించారు. 1985 ఆగస్టు 2న డల్లస్‌లో డెల్టా 191వ విమానం మరో మైక్రోబరస్ట్‌లో కూలాక పనులు వేగం పుంజుకున్నాయి. రన్‌వేల చుట్టూ గాలిమాపకాల వలయాలు మెరుగయ్యాయి, 1990ల్లో విమానాశ్రయాలకు గాలి కదలికను కొలిచే ప్రత్యేక డాప్లర్ రాడార్లు వచ్చాయి, విమానాల్లో గాలి మార్పును పసిగట్టే పరికరాలు తప్పనిసరి అయ్యాయి. ఇప్పుడు సిబ్బందికి శిక్షణలో చెప్పేది సూటిగా ఉంటుంది: హెచ్చరిక వస్తే గేర్ (చక్రాలు), ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) కదపకుండా పూర్తి శక్తి ఇచ్చి పైకి లేవాలి.

అగ్నిపర్వత బూడిద కథ వేరు. 1982 జూన్ 24 రాత్రి జావా మీదుగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లి నాలుగు ఇంజన్లనూ కోల్పోయింది. 1989 డిసెంబర్ 15న అలాస్కాలో రెడౌట్ బూడిదలో కేఎల్ఎం 747కూ అదే జరిగింది. రెండూ ఇంజన్లు తిరిగి అందుకుని క్షేమంగా దిగాయి. బూడిదంటే సన్నని గాజు, రాతి పొడి. సుమారు 1,100 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇంజన్ లోపల వేడి అంతకు మించి ఉంటుంది కాబట్టి కరిగి, వెనక ఉన్న టర్బైన్ భాగాలకు అతుక్కుని గాలి దారిని మూసేస్తుంది. కేఎల్ఎం సిబ్బంది పైకి ఎక్కి బయటపడాలని శక్తి పెంచారు. దాంతో వేడి, లోపలికి వెళ్లే బూడిద రెండూ పెరిగాయి. ఆ అనుభవంతో సూచన తిరగబడింది: శక్తి కనిష్ఠానికి తగ్గించి, వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. ఇంజన్ చల్లబడితే అతుక్కున్న గాజు పగిలి రాలిపోతుంది.

ఈ ముప్పు కోసం ప్రపంచమంతటా తొమ్మిది బూడిద సలహా కేంద్రాలు పనిచేస్తున్నాయి. ఉపగ్రహ చిత్రాలు, గాలి నమూనాలు కలిపి బూడిద ఇప్పుడు ఎక్కడుందో, 6, 12, 18 గంటల తర్వాత ఎక్కడుంటుందో, ఏ ఎత్తుల్లో ఉంటుందో చెబుతాయి. పైకి ఎంత బూడిద ఎగసిందన్న మొదటి అంచనాలోనే తప్పు దొర్లే అవకాశం ఎక్కువ. అది తప్పితే తర్వాతి పటాలన్నీ తప్పుతాయి. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లోని ఎయాఫ్యాట్లాయోకుల్ పేలినప్పుడు బూడిద ఆనవాలున్న ప్రతి చోటా ఎగరకూడదన్న నియమం వల్ల ఐరోపాలో దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి. తర్వాత ఘనపు మీటరుకు 2, 4 మిల్లీగ్రాముల వంటి పరిమితులతో ప్రాంతాలను విడదీయడం మొదలైంది. నా దృష్టిలో ఇది సడలింపు కాదు. ‘బూడిద ఉంది’ అనడం కంటే ‘ఇంత ఉంది’ అనడం సిబ్బందికి ఎక్కువ ఉపయోగం.

మంచు పేరుకోవడం గురించి ఒక్క మాట. సున్నా నుంచి మైనస్ 20 డిగ్రీల మధ్య మేఘంలో నీరు గడ్డకట్టకుండానే ఉండి, రెక్క తగలగానే గడ్డకడుతుంది. చుక్క పెద్దదైతే వెనక్కి జారి, మంచు తొలగించే పరికరం అందని చోట పేరుకుంటుంది. 1994 అక్టోబర్ 31న ఇండియానాలోని రోజ్‌లాన్ దగ్గర ఒక ఏటీఆర్ విమానం కూలడానికి దారితీసింది అదే. సూచనలో గడ్డకట్టే మట్టం ఏ ఎత్తులో ఉందో తెలిస్తే, కిందికి దిగి బయటపడే వీలుందో లేదో ముందే తేల్చుకోవచ్చు. సౌర తుపానుల వల్ల రేడియో సంబంధం, ఉపగ్రహ నావిగేషన్ దెబ్బతినే పరిస్థితులకు కూడా 2019 నవంబర్ నుంచి సలహాలు వెలువడుతున్నాయి. ధ్రువాల మీదుగా వెళ్లే దారులకు అవి ముఖ్యం.

తేటగా ఉన్న ఆకాశంలో వచ్చే కుదుపులకు మాత్రం చుట్టూ ఎగురుతున్న విమానాలే మంచి ఆధారం. తీవ్రమైన కుదుపు, మంచు, బూడిద ఎదురైతే పైలట్ వెంటనే ప్రత్యేక నివేదిక ఇవ్వాలి. వేలాది విమానాలు గాలి, ఉష్ణోగ్రతలను వాటంతటవే కిందికి పంపుతుంటాయి. 2020లో మహమ్మారి వల్ల విమానాలు ఆగినప్పుడు ఆ కొలతలు ఒక్కసారిగా పడిపోయాయి. నివేదికలో ఎత్తు, సమయం, విమాన రకం తప్పనిసరి. చిన్న విమానానికి తీవ్రంగా అనిపించింది పెద్దదానికి మామూలుగా అనిపించవచ్చు. సిగ్మెట్ ఉన్న చోట ‘కుదుపులేమీ లేవు’ అన్న కబురుకూ అంతే విలువ ఉంది. ముప్పు తొలగితే సూచన రాసేవారు సిగ్మెట్ గడువు కోసం ఆగరు. దాన్ని రద్దు చేస్తూ మరో సందేశం పంపుతారు. ఆ ఎత్తు మళ్లీ తెరుచుకుంటుంది, చుట్టుదారికి పోసిన ఇంధనం ట్యాంకులోనే మిగులుతుంది.