క్వార్టరు సీసా, ఉపాధి కూలి: సిక్కోలు ఇంటి పాత లెక్క

2024 అక్టోబరు నుంచి రాష్ట్రంలో క్వార్టరు మద్యం సీసా 99 రూపాయలకు దొరుకుతోంది. శ్రీకాకుళం జిల్లాలో ఒక మనిషి రోజుకొకటి తాగితే ఏడాదికి 36,135 రూపాయలు. 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఇంటిల్లిపాదీ కలిసి నూరు రోజుల పనీ పూర్తి చేసినా చేతికొచ్చేది 30,000. ఒక శాఖ ఇచ్చింది ఇంకో శాఖ లైసెన్సిచ్చిన దుకాణంలో చెల్లిపోగా, పైన ఆరువేలు బాకీ. నంజుడు ఖర్చు, మర్నాడు లేవలేక పోగొట్టుకున్న కూలి ఇందులో కలపలేదు.

ఈ తిరకాసు కొత్తది కాదు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం కింద సారా, కల్లే కాదు, గంజాయి కూడా సర్కారు లైసెన్సు మీదే అమ్మేవారు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం. ఆంధ్ర విడిపోయాక దాని మీద గొడవతోనే 1954లో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1980ల్లో కథ తిరగబడింది: వారుణివాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊరూరికీ చేర్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో ఎదురుతిరిగాక, 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరి 16న మొత్తం మద్యం ఆగాయి. 1997లో మళ్లీ తెరిచారు.

నిషేధం ఎందుకు నిలవలేదో ఈ జిల్లా పటం చూస్తే సగం తెలుస్తుంది. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా, రెండూ ఒడిశావే. అక్కడ నిషేధం లేదు. ఇంట్లో సారా కాచే బెల్లం ఊట ఉండనే ఉంది. మిగతా సగం ఖజానా సంగతి. ఎక్సైజు రాబడి ఒకే పద్దులో నిండుగా కనిపిస్తుంది. తాగుడు ఖర్చు మాత్రం ఆసుపత్రి చీటీల్లో, తాకట్టు కొట్టు రసీదుల్లో, పడిపోయిన పనిదినాల్లో చెదిరిపోతుంది. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేసినా ఖర్చే: రెండు రోజుల్లోపే వణుకు, ఫిట్సు రావచ్చు, ఆసుపత్రిలో పెట్టాలి.

గంజాయి లెక్క వేరు. 1985 నవంబరు 14న మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చాక దాన్ని అమ్మడం, మోయడం నేరం. ఒడిశా కొండల్లో పండిన సరుకు సాలూరు, పార్వతీపురం, ఇచ్ఛాపురం దారుల్లో దిగుతుంది. కిరాయికి మూట మోసిన కుర్రాడే ఎక్కువగా దొరుకుతాడు. 20 కిలోలు మించితే కనీసం పదేళ్ల జైలు, లక్ష జరిమానా. చార్జిషీటుకే 180 రోజుల గడువుంటుంది, ఈలోగా బెయిలు దాదాపు రాదు. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలే. కొనలు లేని ఉత్త ఆకు, గింజ లెక్కలోకి రావు. 22 కిలోల మూటను కలిపి తూచేస్తే అందులో కొనలెన్ని, ఆకెంత అన్న వాదన మీదే వాయిదాలు నడుస్తాయి. అది తేలేలోగా ఇంటిదగ్గర వకీలు ఫీజుకు పాడిగేదె అమ్ముడుపోతుంది.