వాసన లేకపోతే సురక్షితమేనా? సీలెంట్ల గురించి అపోహలు - వాస్తవాలు

“సార్, వాసన రాని సీలెంట్ ఏదైనా ఉంటే చెప్పండి. ఇంట్లో నెలల పిల్లాడున్నాడు.”

మొన్న ఒక ఇంటీరియర్ కాంట్రాక్టర్ ఫోన్ చేసి ఇలా అడిగాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ వాసన ఒక్కటే చూసి ఎంచుకుంటే మోసపోతాం. సందులు మూసే సీలెంట్లు, జిగుర్లు తయారుచేసే ల్యాబ్‌లో నాకు రోజూ ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. పెయింట్ ఆరేటప్పుడు అందులోని నీరో సాల్వెంటో బయటికి పోతుంది. సిలికాన్, పాలీయురేథేన్, హైబ్రిడ్ సీలెంట్లు అలా ఆరవు. గాలిలోని తేమను లోపలికి తీసుకుని, దానితో రసాయన చర్య జరిపి రబ్బరులా సెట్ అవుతాయి. ఆ క్రమంలో దాదాపు ప్రతి రకమూ ఏదో ఒకటి బయటికి వదులుతుంది. ఏం వదులుతోంది అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

అపోహ: ఘాటైన వాసన వస్తే ప్రమాదం, రాకపోతే సురక్షితం.

చవక రకం సిలికాన్ కొట్టగానే వెనిగర్ వాసన వస్తుంది కదా, అది ఎసిటిక్ యాసిడ్. కళ్లు మండిస్తుంది, రాగిని తినేస్తుంది, పాలరాయి మీద మచ్చ పెడుతుంది. కానీ ఆ ఘాటుకి మనమే లేచి కిటికీ తెరుస్తాం. పాలీయురేథేన్‌లో ఉండే ఎండీఐ అనే ఐసోసయనేట్ రకం రసాయనానికి అసలు వాసనే తెలియదు. ఊపిరితిత్తులకు ఒకసారి అది పడకుండా పోతే, తర్వాత చాలా కొద్ది మోతాదుకే ఆస్తమా వస్తుంది.

నా పాత ఉద్యోగంలో మిక్సర్ దగ్గర పనిచేసే అన్న ఒకరుండేవారు. రాత్రి పడుకున్నాక దగ్గు మొదలయ్యేది. ఆదివారం తగ్గేది, సోమవారం రాత్రికి మళ్లీ వచ్చేది. చల్లగాలి పడట్లేదనుకుని దగ్గు మందు తాగుతూ వచ్చారు. ఆరు నెలల తర్వాత ఒక డాక్టరు “ఏం పని చేస్తావు?” అని అడిగితే గానీ అసలు సంగతి తెలియలేదు. “వాసనే లేదు కదా తమ్ముడూ, మాస్క్ ఎందుకులే అనుకున్నా” అన్నారు నాతో. ఆయన్ని ఆ సెక్షన్ నుంచి మార్చారు గానీ, అప్పటికే ఆలస్యమైంది. ఇన్‌హేలర్ జేబులోనే ఉండేది.

అందుకే యూరప్‌లో 2023 ఆగస్టు 24 నుంచి ఒక నిబంధన తెచ్చారు. డైఐసోసయనేట్ మోనోమర్ (ఎండీఐ లాంటివి, పొడవైన పాలిమర్ గొలుసులో కలవకుండా మిగిలిన చిన్న అణువులు) 0.1 శాతం దాటిన ఉత్పత్తులను వృత్తిరీత్యా వాడేవాళ్లు ముందుగా శిక్షణ తీసుకోవాల్సిందే. దాంతో తయారీదారులు పాలిమర్‌లో మిగిలిపోయిన మోనోమర్‌ను వ్యాక్యూమ్‌లో పల్చటి పొరగా వేడిచేసి తీసేసి, 0.1 శాతం లోపుకి దించుతున్నారు. నా దృష్టిలో ఈ రంగంలో ఈమధ్య జరిగిన మేలైన పని ఇదే. మన షాపుల్లో ఈ రకాలను పేరుపెట్టి అడిగేవాళ్లు పెరగాలి.

అపోహ: ఐసోసయనేట్ అంటే భోపాల్ గ్యాసే.

1984లో భోపాల్‌లో లీకైంది మిథైల్ ఐసోసయనేట్. చాలా చిన్న అణువు, 39 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. ఎండీఐ బరువైన అణువు, గది ఉష్ణోగ్రతలో గడ్డగా ఉంటుంది, ఆవిరయ్యేది చాలా తక్కువ. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. వేడిచేసినా, స్ప్రే కొట్టినా మాత్రం ఎండీఐ కూడా ఊపిరిలోకి వెళ్తుంది. పూర్తిగా సెట్ అయిన సీలెంట్‌లో ఐసోసయనేట్ యూరియా బంధాలుగా మారిపోయి ఉంటుంది. కాబట్టి జాగ్రత్తంతా కొట్టేవాళ్లకీ, తయారుచేసేవాళ్లకీ కావాలి.

అపోహ: “ఐసోసయనేట్ లేదు” అని రాసి ఉంటే ఇక దిగుల్లేదు.

ఐసోసయనేట్ బదులు పాలిమర్ చివర్లలో సైలేన్ (తేమతో చర్య జరిపే సిలికాన్ సమ్మేళనం) పెట్టి చేసేవే హైబ్రిడ్ సీలెంట్లు. జపాన్‌కు చెందిన కనేకా కంపెనీ 1970ల చివర్లో ఈ దారి వేసింది. నాకు వీటంటే ఇష్టం. కానీ ఇవి సెట్ అవుతూ మిథనాల్ వదులుతాయి. ఒక లెక్క చూడండి. 290 మిల్లీలీటర్ల ట్యూబులో సుమారు 435 గ్రాముల సరుకు ఉందనుకుందాం. అందులో తేమను పట్టే వినైల్ ట్రైమెథాక్సీ సైలేన్ 2 శాతం వేస్తే, ఆ ఒక్కదాని నుంచే దాదాపు 5.6 గ్రాముల మిథనాల్ వస్తుంది. రోజుల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి గాలి ఆడే గదిలో ఇబ్బంది లేదు. తలుపులు మూసిన బాత్రూమ్‌లో ఒకేసారి పది ట్యూబులు కొడితే మాత్రం ఆలోచించాలి.

వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్లలో చాలావాటి నుంచి మెకో అనే ఆక్సీమ్ వస్తుంది. దాన్ని యూరప్ 2022 నుంచి క్యాన్సర్ కారకాల 1బి వర్గంలో పెట్టింది. న్యూట్రల్ అన్న మాట చూసి ఆగిపోకండి, ఆక్సీమ్ వదిలే రకమా, ఆల్కహాల్ వదిలే ఆల్కాక్సీ రకమా అని కంపెనీ ఇచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో చూడండి.

అపోహ: హానికరమైన పదార్థాన్ని తీసేయడం తేలికే, కంపెనీలకు మనసు లేదంతే.

ఈ మాట విన్నప్పుడు నిజంగా బాధేస్తుంది. సెట్ అవడాన్ని వేగంగా నడిపించే టిన్ క్యాటలిస్టునే తీసుకోండి. డైబ్యూటైల్ టిన్ పునరుత్పత్తి ఆరోగ్యానికి హాని చేస్తుందని, సామాన్య వినియోగదారులకు అమ్మే సరుకులో ఆ టిన్ 0.1 శాతం దాటకూడదని యూరప్ 2012లోనే కట్టడి చేసింది, సీలెంట్లకు అది 2015 నుంచి వర్తించింది. టిన్ తీసేస్తే సీలెంట్ గంటల తరబడి జిగటగానే ఉంటుంది. దీనికి ఒక మంచి దారి ఆల్ఫా సైలేన్లు. మామూలుగా సిలికాన్ పరమాణువుకీ నైట్రోజన్‌కీ మధ్య మూడు కార్బన్లుంటాయి, వీటిలో ఒక్కటే. అంత దగ్గరైతే నీటితో చర్య ఎంతో వేగంగా జరుగుతుంది, టిన్ లేకపోయినా నడుస్తుంది.

చిక్కేమిటంటే, అంత చురుకైన పాలిమర్ ట్యూబులోకి వెళ్లకముందే గట్టిపడొచ్చు. ఒక ఆగస్టులో నాకు అదే జరిగింది. 100 కిలోల బ్యాచ్, అందులో సగం సుద్దపొడి. వానలకు బస్తాలు చెమ్మగిల్లాయి, నేను ఆరబెట్టకుండానే వేయించాను. తర్వాత కొలిస్తే సుద్దలో 0.3 శాతం తేమ ఉంది. అంటే 150 గ్రాముల నీరు, ఒకటిన్నర టీ గ్లాసు. గంటలో మిక్సర్ బ్లేడు చుట్టూ చపాతీ పిండిలా ముద్ద కట్టింది. ఇద్దరం రెండు రోజులు గీకాం. అప్పటి నుంచి ప్రతి లాటుకీ తేమను కొలిచే కార్ల్ ఫిషర్ టెస్ట్ చేశాకే బస్తా విప్పుతాం.

అపోహ: పైన ఆరింది కదా, అయిపోయినట్టే.

పైన చర్మం కట్టడానికి అరగంట చాలు. లోపలికి తేమ ఆ చర్మాన్ని దాటుకుని వెళ్లాలి, చర్మం మందమయ్యే కొద్దీ దారి కష్టమవుతుంది. మొదటి రోజు 3 మిల్లీమీటర్లు సెట్ అయితే, 6 మిల్లీమీటర్లకు రెండు రోజులు సరిపోవు, నాలుగు రోజులు పడుతుంది. 9 మిల్లీమీటర్లకు తొమ్మిది రోజులు. నమ్మకం కలగకపోతే మందంగా కొట్టిన బీడ్‌ను (సీలెంట్ పట్టీని) మర్నాడు బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. పైన రబ్బరు, లోపల టూత్‌పేస్టు.

అపోహ: ఎండాకాలంలో గాలిలో తేమ ఉండదు, అప్పుడు సెట్ అవ్వదు.

హైదరాబాద్‌లో మే నెలలో 40 డిగ్రీలు, 20 శాతం హ్యుమిడిటీ అనుకోండి. ఘనపు మీటరు గాలిలో దాదాపు 10 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ల్యాబ్‌లో మేం పరీక్షలు చేసే 23 డిగ్రీలు, 50 శాతం దగ్గరా అంతే. వానాకాలం విశాఖలో 30 డిగ్రీలు, 80 శాతం ఉన్నప్పుడు 24 గ్రాములు. అక్కడ ట్యూబు తెరిచాక పని త్వరగా ముగించుకోవాలి, తేడా అంతే.

అపోహ: తేమతో సెట్ అవుతుంది కాబట్టి తడి గోడ మీద కొట్టినా పర్లేదు.

వద్దు. దానికి కావాల్సింది ఆవిరి, నీటి పొర కాదు. పొర ఉంటే సీలెంట్ గోడకు అసలు తగలదు. పాలీయురేథేన్ అయితే నీటితో కలిసి కార్బన్ డైఆక్సైడ్ వదిలి బుడగలు కూడా కడుతుంది.

అపోహ: సెట్ అయ్యాక నీళ్లు దాన్నేమీ చేయలేవు.

రబ్బరు భాగం చాలావరకు తట్టుకుంటుంది. ముందుగా వదిలేది అంచు, అంటే గాజుకీ సీలెంటుకీ మధ్య ఉన్న పట్టు. అక్కడి బంధాలు నీటిలో విడిపోతూ మళ్లీ కలుస్తూ ఉంటాయి. అందుకే కొత్త ఫార్ములా ఏది చేసినా గాజు పలక మీద బీడ్ వేసి, వారం రోజులు నీళ్లలో నానబెట్టి, చివర కొద్దిగా కోసి, చేత్తో పట్టుకుని వెనక్కి లాగుతాం. సీలెంట్ తనలోనే చిరిగి, గాజు మీద ఒక పొర మిగిలితే పాస్. అరటి తొక్కలా శుభ్రంగా ఊడొస్తే ఫెయిల్. పోయిన నెల టిన్ లేని మా నమూనాలు ఆరింటిని ఇలా లాగాం. నాలుగు ఊడొచ్చాయి. మిగిలిన రెండు పలకలు మళ్లీ నీళ్లలోనే ఉన్నాయి, ఈసారి వేడి నీళ్లలో.