చీలమండ బెణికిన ఫుట్‌బాల్ ఆటగాళ్లు, వాళ్ల బూట్లు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసే చోటికి సోమవారం ఉదయం వచ్చేవారిలో ఫుట్‌బాల్ ఆడే కుర్రవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. ఆదివారం ఆటలో కాలు మడతపడి, చీలమండ బయటి వైపు కోడిగుడ్డంత వాపుతో కుంటుకుంటూ వచ్చి కూర్చుంటారు. అయినా వాళ్ల మొదటి ప్రశ్న కాలి గురించి కాదు. "సార్, ఈసారి ఏ స్టడ్స్ కొనమంటారు?" అని అడుగుతారు. మన దగ్గర ఫుట్‌బాల్ బూట్లనే స్టడ్స్ అనడం అలవాటు కాబట్టి, బూటు అడుగున ఉండేవాటిని ఇక్కడ మేకులని రాస్తున్నాను.

అపోహ: చీలమండను కప్పే ఎత్తు బూటు వేసుకుంటే కాలు మడతపడదు.

వాస్తవం: 2014లో నైకీ సంస్థ మాజిస్టా, మెర్క్యూరియల్ సూపర్‌ఫ్లై బూట్లకు చీలమండ దాకా వచ్చే అల్లిక కాలర్ పెట్టిన తరువాత ఈ నమ్మకం మన కుర్రవాళ్లలో బాగా పాతుకుపోయింది. ఆ కాలర్ మేజోడులా సాగేదే తప్ప, శరీరం బరువంతా పాదం బయటి అంచు మీద పడినప్పుడు ఆపగలిగేంత గట్టిది కాదు. ఇంకా గట్టిగా, ఎత్తుగా ఉండే బాస్కెట్‌బాల్ బూట్ల మీద 1993లో అమెరికాలో ఆరువందలకు పైగా కళాశాల ఆటగాళ్లతో జరిపిన పరిశోధనలోనూ, ఎత్తు బూట్లు వేసుకున్నవారికి, పొట్టి బూట్లు వేసుకున్నవారికి మధ్య బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కారణం బెణికే తీరులోనే ఉంది. పాదం కిందికి వంగి లోపలికి తిరిగినప్పుడు, చీలమండ బయటి ఎముకను ముందు వైపున పాదంతో కలిపి ఉంచే లిగమెంట్ అన్నిటికన్నా ముందు సాగుతుంది లేదా తెగుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది కనుక, కాలు మడతపడటం మొదలయ్యాక పిక్క బయటి వైపు కండరాలు మేల్కొన్నా ప్రయోజనం తక్కువ. పాదం నేలను తాకకముందే అవి బిగిసి సిద్ధంగా ఉండాలి, ఆ అలవాటు సాధనతోనే వస్తుంది. కాలర్ చర్మానికి తగులుతూ ఉంటే ధైర్యంగా ఉంటుందని కొందరు చెబుతారు. అది నేను కాదనను గానీ, ఆ ధైర్యానికి అదనంగా వేల రూపాయలు పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను.

అపోహ: మేకులు ఎంత పొడవుగా ఉండి నేలను ఎంత గట్టిగా పట్టుకుంటే ఆట అంత చురుగ్గా ఉంటుంది.

వాస్తవం: బూటు గురించి నిజంగా ఆలోచించవలసింది ఇక్కడే. ముందుకు దూకేటప్పుడూ, ఉన్నపళంగా ఆగేటప్పుడూ పాదం జారకుండా నిలిపే పట్టు ఆటగాడికి కావాలి. అయితే దిశ మార్చుకోవడానికి ఒళ్లు తిరిగినప్పుడు పాదం కూడా నేల మీద కొంత తిరగగలగాలి. మేకులు నేలలో దిగబడి పాదాన్ని తిరగనివ్వకపోతే ఆ మెలిక అంతా చీలమండ మీద, మోకాలి మీద పడుతుంది. గట్టి కాలు దాన్ని ఓర్చుకుంటుందేమో గానీ, లిగమెంట్ ఒకసారి సాగిపోయిన కాలు ఓర్చుకోవడం కష్టం. గుండ్రటి మేకు నేలలో తిరిగినంత సులువుగా కత్తి అంచులా పలకగా ఉండే మేకు తిరగదు కాబట్టి, చీలమండ బాధ ఉన్నవారికి గుండ్రటి మేకులే నయం.

బూటు పెట్టె మీద ఉండే అక్షరాలను చాలామంది చదవనే చదవరు. ఎస్‌జీ అంటే తడిసి మెత్తబడిన పచ్చిక నేలకు, ఎఫ్‌జీ అంటే గట్టిగా ఉన్న పచ్చిక నేలకు, ఏజీ అంటే కృత్రిమ పచ్చికకు అని అర్థం. టీఎఫ్ అని ఉన్న బూటుకు అడుగున పొట్టి రబ్బరు బుడిపెలు చాలా ఉంటాయి. ఇప్పుడు మన మైదానాలను తలుచుకోండి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నెర్రెలు విచ్చి రాయిలా బిగుసుకుపోతుంది. పచ్చిక లేని ఆ నేలలో ఎఫ్‌జీ మేకు దిగదు. ఆటగాడు మేకుల కొనల మీద నిలబడి ఆడుతున్నట్టే అవుతుంది. పాదం నేలకు ఎంత ఎత్తున ఉంటే పక్కకు ఒరిగినప్పుడు చీలమండ మీద పడే బలం అంత పెరుగుతుంది. అదే నేల వానాకాలంలో మేకుల సందుల్లో ముద్దగా అతుక్కుని బూటు పట్టునే మాయం చేస్తుంది. విజయవాడలో గంటల లెక్కన అద్దెకు దొరికే టర్ఫ్‌ల మీద సమస్య దీనికి తలకిందులు. అక్కడ పొడవాటి మేకులు కృత్రిమ పోగుల్లో చిక్కుకుని పాదాన్ని బిగించేస్తాయి. అందుకే ఎండిన మట్టి మైదానానికి టీఎఫ్, టర్ఫ్‌కు టీఎఫ్ లేదా ఏజీ వాడమని చెబుతాను. ఒకే జత కొనగలిగినవారికి టీఎఫ్ చాలు.

అపోహ: బంతి మీద అదుపు రావాలంటే ఒక సైజు తక్కువ బూటు కొనాలి.

వాస్తవం: వేళ్లు ముడుచుకుపోయిన పాదం నేల మీద పరుచుకోలేదు. పరుచుకోని పాదానికి నిలకడ ఉండదు. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కనుక ఆ వేళలోనే, ఆటకు వేసుకునే మేజోళ్లతోనే దుకాణానికి వెళ్లాలి. ముందు వేళ్లకు కాస్త చోటు ఉండి, మడమ లోపల కదలకుండా ఉంటే ఆ బూటు సరిపోయినట్టే.

అపోహ: నరం తప్పింది, గట్టిగా మర్దన చేస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: తప్పింది నరం కాదు, దెబ్బతిన్నది లిగమెంట్. మొదటి రెండు రోజులు మర్దన, కాపడం వాపును పెంచుతాయి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకు రెండు వైపులా ఉన్న ఎముకల వెనుక అంచు మీద గానీ కొన మీద గానీ నొక్కితే నొప్పి ఉన్నా, పాదం బయటి అంచు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ఎముక దగ్గర నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. అది చూడకుండా పుత్తూరు కట్టుతో సహా ఏ కట్టూ కట్టించుకోవద్దు.

అపోహ: బ్రేస్ (చీలమండ పక్కకు ఒరగకుండా తొడిగే పట్టీ) వేసుకుంటే కాలు దానికే అలవాటుపడి బలహీనమవుతుంది, పరుగూ మందగిస్తుంది.

వాస్తవం: ఆట సమయంలో వేసుకున్నంత మాత్రాన కండరాలు బలహీనపడవు. పరుగులోనూ, దిశ మార్చడంలోనూ వచ్చే తేడా ఉన్నా చాలా స్వల్పం. దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద జరిగి 1994లో వెలువడిన పరిశోధనలో, అంతకుముందు బెణికిన కాలికి బ్రేస్ వేసుకున్నవారిలో మళ్లీ బెణకడం బాగా తగ్గింది. ఎన్నడూ బెణకనివారిలో మాత్రం దానివల్ల ప్రత్యేకంగా మేలు కనిపించలేదు. చీలమండ చుట్టూ అంటించే టేపు కూడా పనిచేస్తుంది గానీ, అరగంట ఆటకే చాలావరకు సడలిపోతుంది. బ్రేస్ వాడేవారు దాన్ని వేసుకునే కొత్త బూటు తొడిగి చూడాలి. లేకపోతే ఇంటికి వచ్చాక ఆ రెంటిలో ఒకటి మూలన పడుతుంది.

అపోహ: నొప్పి పోయింది కాబట్టి కాలు నయమైంది.

వాస్తవం: నా దగ్గరకు రెండోసారి, మూడోసారి వచ్చేవారిలో ఎక్కువమంది ఇలా అనుకుని మైదానంలోకి దిగినవారే. మొదటిసారి బెణికినవారిలో సుమారు 40 శాతం మందికి ఏడాది తరువాత కూడా కాలు నిలకడ లేనట్టు ఉంటుందని ఒక పరిశోధనలో తేలింది. కాలు ఏ స్థితిలో ఉందో మెదడుకు తెలియజేసే జ్ఞానం దెబ్బతినడం ఇందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. నొప్పి పోయినంత తొందరగా అది తిరిగి రాదు.

దీన్ని ఇంట్లోనే కొంతవరకు పరీక్షించుకోవచ్చు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడి రెండు కాళ్లనూ పోల్చండి. తరువాత గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకేటంత దూరం వరకు పాదాన్ని వెనక్కి జరపండి. బొటనవేలికి, గోడకు మధ్య దూరంలో రెండు కాళ్లకూ 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఆ చీలమండ ఇంకా బిగుసుకునే ఉంది. ఈ రెండూ సమం కాకుండా, ఒంటికాలితో పక్కలకు గెంతడంలో తడబాటు పోకుండా నేను ఎవరినీ మ్యాచ్‌కు పంపను. కోచ్‌లు ఫోన్ చేసి నొచ్చుకున్న సందర్భాలూ లేకపోలేదు.

బెణికిన చరిత్ర ఉన్న ఇరాన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను విభాగాలుగా చేసి బ్రేస్, కండర వ్యాయామం, సమతౌల్య సాధన విడివిడిగా ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 2007లో వెలువడింది. ఏమీ చేయనివారితో పోలిస్తే స్పష్టమైన మేలు సమతౌల్య సాధన చేసినవారిలోనే కనిపించింది. దక్షిణాఫ్రికా ఫలితాన్నీ దీన్నీ కలిపి చూసుకుని, ఆటలో బ్రేస్, ఇంట్లో సాధన రెండూ కొన్ని నెలల పాటు సాగించమంటాను. జట్టుగా చేయాలనుకునేవారికి ఫిఫా 2006లో రూపొందించిన 11 ప్లస్ సన్నాహక వ్యాయామాలు ఉన్నాయి. ఒంటికాలి సమతౌల్యం అందులో భాగమే, మొత్తం కలిపి 20 నిమిషాలకు మించదు.

అపోహ: పూర్వం మనవాళ్లు ఉత్త కాళ్లతో ఆడారు, బూట్ల వల్లే ఈ బెణుకులన్నీ.

వాస్తవం: 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడిపోయిన మాట నిజమే. ఇప్పటి ఆట నియమాల ప్రకారం బూటు తప్పనిసరి. అయితే ఉత్త కాళ్లకు ఒక చోటు ఉంది. సమతౌల్య సాధన మొదటి వారాల్లో ఇంట్లో గచ్చు మీద బూటు లేకుండా చేస్తేనే పాదం అడుగు భాగం నేలను బాగా గుర్తుపడుతుంది. మైదానానికి తిరిగి వెళ్లే ముందు చివరి రెండు వారాలు మాత్రం అదే సాధనను ఆడబోయే నేల మీద, ఆడబోయే బూటుతోనే చేయించాలి, ఎందుకంటే మేకుల మీద పాదం నిలిచే ఎత్తు, ఒరిగే తీరు గచ్చు మీద ఉన్నట్టు ఉండవు.