పాత ప్రోగ్రాం కొత్త కంప్యూటర్‌లో నడవాలంటే

హన్మకొండ

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంట్ల దొరికిన పాత సీడీ కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టంగనే "దిస్ యాప్ కాంట్ రన్ ఆన్ యువర్ పీసీ" అని వస్తే దాన్ని చెత్తలో వేయకండి. మన దగ్గరి ప్రెస్సుల్లో పెండ్లి పత్రికలు, కరపత్రాలు ఏండ్ల తరబడి పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాంలో చేసినవే. అందులోని తెలుగు యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లు గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేకుండ ఫైల్ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనబడుతది. ప్రోగ్రాం పోతే రాసింది కూడ పోయినట్టే. నాకు ఆ రంధి ఉంది కాబట్టే ఇంత వివరంగ రాస్తున్న.

ముందుగాల కారణం తెలుసుకోండి. చిప్ ఒక్కసారికి ఎన్ని బిట్ల (సున్నా, ఒకట్ల) లెక్క పట్టగలదో దాన్నిబట్టి 16, 32, 64 బిట్ అంటరు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 చిప్ 16 బిట్‌ది. 1985 నాటి 386 చిప్ 32 బిట్‌ది. 2003లో ఏఎండీ ఆ వంశాన్నే 64 బిట్‌కు పెంచింది. చిప్ 64 బిట్ పద్ధతిలో ఉన్నప్పుడు, డాస్ (విండోస్‌కు ముందటి, ఆదేశాలు టైపు చేసే వ్యవస్థ) కోసం 386లో పెట్టిన వర్చువల్ 8086 మోడ్, అంటే పాత 8086 లాగ నడిచే పద్ధతి, పనిచేయదు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాంల కోసం వావ్64 అనే ఏర్పాటుంది, 16 బిట్‌కు ఏదీ లేదు. అందుకే మీ చేతిలోనిది ఏ కాలపుదో మొదలు తేల్చుకోవాలె.

తేల్చడం సులువే. ఈఎక్స్ఈ ఫైల్‌కు (ప్రోగ్రాంను నడిపే ఫైల్) ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొట్టమొదట ఎం, జెడ్ అనే రెండు పెద్దక్షరాలుంటయి. కొంచెం కింద పి, ఈ కనబడి, వాటి తర్వాత పెద్ద ఎల్ ఉంటే 32 బిట్. చిన్న డి ఉంటే 64 బిట్. పి, ఈ బదులు ఎన్, ఈ ఉంటే పాత విండోస్ 3.1 కాలపు 16 బిట్‌ది. ఎం, జెడ్ తప్ప ఇవేవీ లేకుంటే డాస్‌ది. సేవ్ నొక్కకుండ మూసేయండి, నొక్కితే ఫైల్ ఖరాబైతది.

32 బిట్‌దైతే చాలాసార్లు నడుస్తది. పేజ్‌మేకర్ 7 ఇట్లాంటిదే. నడవకుంటే రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద విండోస్ ఎక్స్‌పీ ఎంచుకోండి. పాత ప్రోగ్రాంలు తమ సెట్టింగులను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దానికి ఇప్పుడు అనుమతి లేదు. సి డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ చేసి అందులో ఇన్‌స్టాల్ చేస్తే ఆ పేచీ తప్పుతది. ఏదన్న డీఎల్ఎల్ (ప్రోగ్రాంకు తోడుండే ఫైల్) లేదంటే, 32 బిట్‌ది తెచ్చి ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే పెట్టండి. విండోస్ లోపలి సిస్టమ్32 ఫోల్డర్‌లో పెడితే పనికిరాదు. పేరుకు 32 గాని, 64 బిట్ విండోస్‌లో అందులో ఉండేవి 64 బిట్ ఫైళ్లే.

16 బిట్‌దానికి కంపాటిబిలిటీ ఎంత మార్చినా లాభం లేదు. ఒక్కోసారి ప్రోగ్రాం 32 బిట్‌దే అయినా సెటప్ 16 బిట్‌ది ఉంటది, అందుకని రెండింటినీ చూడాలె.

డాస్ ప్రోగ్రాంకు డాస్‌బాక్స్ చాలు. ఈ ప్రోగ్రాం, మన దగ్గర లేని పాత చిప్ లాగ సాఫ్ట్‌వేర్‌తోనే నటిస్తది. ఫోల్డర్ పేరు ఇంగ్లిష్‌లో, ఎనిమిది అక్షరాల లోపు పెట్టండి. మౌంట్ అని, స్పేస్ ఇచ్చి సి అని, మల్ల స్పేస్ ఇచ్చి ఆ ఫోల్డర్ దారి కొట్టండి. ఎంటర్ నొక్కినాక సి కోలన్ కొట్టి, ప్రోగ్రాం పేరు కొట్టండి. నెమ్మదిగుంటే కంట్రోల్ ఎఫ్12, మరీ ఉరుకుతుంటే కంట్రోల్ ఎఫ్11. మౌస్ ఇరుక్కుపోతే కంట్రోల్ ఎఫ్10. ప్రింటు కావాలంటే మాత్రం డాస్‌బాక్స్ ఎక్స్ తీసుకోండి. విండోస్ 3.1 ప్రోగ్రాంలకు వైన్‌వీడీఎం అనే ఇంకో ప్రోగ్రాం ఉంది.

ఇవేవీ కుదరకుంటే, లేదా పాత డాంగిల్‌కు (ప్రోగ్రాం నడవడానికి కంప్యూటర్‌కు తగిలించే తాళంచెవి లాంటి చిన్న పరికరం) 32 బిట్ డ్రైవరే దిక్కయితే, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ ఎక్స్‌పీ పెట్టండి. దాని సీడీ, కీ మీ దగ్గర ఉండాలె. ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాంగనే తెరవగలిగే సెట్టింగులు) వర్చువలైజేషన్ ఆన్ చేయండి. 512 ఎంబీ ర్యామ్, 10 జీబీ డిస్క్ సరిపోతయి. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో డిస్క్‌ను ఐడీఈ అనే పాత రకం కనెక్షన్‌కు తగిలించండి. సాటా అనే కొత్త రకానికి తగిలిస్తే ఎక్స్‌పీ దగ్గర దానికి డ్రైవర్ ఉండదు, నీలం తెర పడి ఆగిపోతది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా అప్‌డేట్లు ఆగినయి కాబట్టి నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌తో ఇటూ అటూ మార్చుకోవచ్చు.

అంతా కుదిరినాక ఆ యంత్రాన్ని షట్‌డౌన్ చేసి, దాని వీడీఐ ఫైల్‌ను (ఆ యంత్రపు డిస్క్ అంతా ఉండే ఫైల్), ఫాంట్ల ఫోల్డర్‌ను ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టండి.

మీ తాత